చెమట కనబడని ఎండలో శరీరం పనితీరును కాపాడుకోవడం ఎలా

కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల్లో మార్చి నెలాఖరు నుంచి జూన్ తొలివారాల దాకా మనిషి శరీరం ఎలా పనిచేస్తుందన్నది అన్నిటికంటే ఎక్కువగా ఎండ మీదే ఆధారపడి ఉంటుంది. తిండి, నీరు, నిద్ర, వయసు, వాడే మందులు, చేసే పని, ఇవన్నీ ఏడాది పొడవునా శరీరం మీద ప్రభావం చూపేవే. అయితే పగటి ఉష్ణోగ్రత 42, 43 డిగ్రీల సెల్సియస్‌కు చేరే రోజుల్లో వీటిలో ఏ ఒక్కటి అదుపు తప్పినా దాని ఫలితం గంటల్లోనే బయటపడుతుంది. అందువల్ల వీటన్నిటినీ ఎండతో ముడిపెట్టి, ఏది ఎందుకు జరుగుతుందో, దానికి మనం ఏమి చేయాలో ఇక్కడ వివరిస్తున్నాను.

శరీరం లోపలి ఉష్ణోగ్రత సుమారు 37 డిగ్రీల సెల్సియస్, అంటే 98.6 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర నిలకడగా ఉంటేనే ఎంజైములు, నరాలు, కండరాలు, గుండె సక్రమంగా పనిచేస్తాయి. ఆ నిలకడను మెదడులోని హైపోథాలమస్ అనే చిన్న భాగం చూసుకుంటుంది. ఒంట్లో వేడి పెరిగినప్పుడు అది చర్మం కింది రక్తనాళాలను వెడల్పు చేసి లోపలి వేడిని రక్తం ద్వారా పైకి చేరుస్తుంది, చెమట గ్రంథుల చేత చెమట పట్టిస్తుంది. వేసవిలో చర్మం ఉష్ణోగ్రత సుమారు 35 డిగ్రీలు ఉంటుంది. బయటి గాలి అంతకంటే చల్లగా ఉన్నంతవరకు కొంత వేడి నేరుగా గాలిలోకి వెళ్లిపోతుంది గాని, గాలే 42 డిగ్రీలు ఉన్నప్పుడు వేడి బయటి నుంచి ఒంట్లోకి వస్తుంది. అప్పుడు మిగిలే దారి చెమట ఒక్కటే. ఒక లీటరు చెమట చర్మం మీద పూర్తిగా ఆవిరైతే సుమారు 580 కిలో కేలరీల వేడిని వెంట తీసుకుపోతుంది. మట్టి కుండ గోడల్లోంచి ఊరిన నీరు ఆవిరై లోపలి నీళ్లను చల్లబరచడమూ ఇదే పద్ధతిలో జరుగుతుంది.

కోస్తాలో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట ఆవిరి కాకుండా ఒంటి మీద ధారలు కడుతుంది, చొక్కా తడిసి ముద్దవుతుంది. తన ఒంట్లోంచి నీరు పోతోందని మనిషికి కళ్లారా తెలుస్తుంది. సీమలో వేసవి గాలి పొడిది. నైరుతి రుతుపవనాలు తమ తేమలో అధిక భాగాన్ని పశ్చిమ కనుమల మీదే కురిపించి రావడం వల్ల అనంతపురం ప్రాంతపు సగటు వార్షిక వర్షపాతమే సుమారు 550 మిల్లీమీటర్లు. ఇక ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నాల్లో గాలి తేమ బాగా పడిపోతుంది. అటువంటి గాలిలో చెమట పట్టీ పట్టగానే ఆవిరైపోతుంది. ఒళ్లు పొడిగా ఉంటుంది కాబట్టి పెద్దగా చెమట పట్టలేదనుకుంటాం, కానీ ఎండలో కష్టపడి పనిచేసేవారు గంటకు ఒక లీటరు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ నీటిని ఈ విధంగానే పోగొట్టుకుంటారు.

యర్రగుంట్ల వైపు నాపరాళ్ల గనుల్లో పనిచేసేవారి ముదురు రంగు చొక్కాలను మధ్యాహ్నం దాటాక దగ్గరి నుంచి చూస్తే ఈ సంగతి స్పష్టమవుతుంది. వీపు మీద, చంకల కింద, నడుము చుట్టూ తెల్లటి చారలు ఒకదాని పక్కన ఒకటి కట్టి ఉంటాయి. తాకితే చొక్కా పొడిగానే ఉంటుంది, గోటితో గీకితే సన్నని పొడి రాలుతుంది. అది ఉప్పు. ఒంట్లోంచి పోయిన నీరు గాలిలో కలిసిపోగా ఆ ఉప్పు మాత్రం బట్టను అంటిపెట్టుకుని మిగిలింది. ఈ ప్రాంతంలో ఉండేవారు అన్నిటికంటే ముందు గ్రహించవలసింది ఇదేనని నా అభిప్రాయం: ఇక్కడ చెమట కనబడిందా లేదా, దప్పిక వేసిందా లేదా అన్నదాన్ని బట్టి నీళ్లు తాగితే ఎప్పుడూ చాలవు.

పోయిన నీటిని తెలుసుకునే మార్గాలు

దప్పిక ఆలస్యంగా వచ్చే సూచన. శరీర బరువులో ఒకటి నుంచి రెండు శాతం నీరు పోయాక గాని అది గట్టిగా తెలియదు. 60 కిలోల మనిషి విషయంలో ఆ నష్టం 600 గ్రాముల నుంచి 1.2 కిలోల దాకా ఉంటుంది. రెండు శాతం పోయేసరికే రక్తం పరిమాణం తగ్గి, గుండె వేగంగా కొట్టుకోవలసి వస్తుంది, పని చేసే శక్తి, ఏకాగ్రత తగ్గుతాయి. కాబట్టి దప్పిక కంటే ముందే చూసుకోదగిన గుర్తులు కొన్ని ఉన్నాయి.

వాటిలో అందరికీ అందుబాటులో ఉన్నది మూత్రం రంగు. లేత గడ్డి రంగులో ఉంటే నీరు సరిపోతున్నట్టు, ముదురు పసుపు రంగులో కొద్దికొద్దిగా వస్తుంటే చాలనట్టు. పొద్దున్న లేవగానే వచ్చే మూత్రం ఎవరికైనా కాస్త ముదురుగానే ఉంటుంది కాబట్టి దాన్ని కాక, పదకొండు గంటలకు, సాయంత్రం నాలుగైదు గంటలకు వచ్చేదాన్ని గమనించాలి. బి-కాంప్లెక్స్ మాత్రలు వేసుకునేవారికి నీరు సరిపడా తాగినా చిక్కటి పసుపు రంగు వస్తుంది, అది లెక్కలోకి రాదు. పగటిపూట ఆరు గంటల పాటు మూత్రానికి వెళ్లవలసిన అవసరమే రాకపోతే తక్షణం నీడకు చేరి నీళ్లు తాగాలి. ఎండలో విపరీతంగా కష్టపడిన తర్వాత మూత్రం టీ డికాషన్ రంగులో వస్తే మాత్రం అది నీరు తాగి ఊరుకునే విషయం కాదు. కండరాలు దెబ్బతిని, వాటిలోని పదార్థాలు మూత్రపిండాలకు చేరుతున్నాయనడానికి అది గుర్తు కావచ్చు, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

బరువు తూచే యంత్రం అందుబాటులో ఉంటే ఇంకా కచ్చితంగా తెలుసుకోవచ్చు. పనికి వెళ్లే ముందు, వచ్చిన తర్వాత మూత్రవిసర్జన చేసి, ఒకే రకం బట్టలతో బరువు చూసుకోవాలి. తగ్గిన ప్రతి కిలోకు దాదాపు ఒక లీటరు నీరు బాకీ ఉన్నట్టు. రెండు మూడు రోజులు ఇలా చూసుకుంటే తన పనికి ఎంత నీరు అవసరమో ఎవరికి వారికే అంచనా చిక్కుతుంది, ఆ తర్వాత రోజూ తూచుకోనక్కరలేదు.

నీళ్లు, ఉప్పు తీసుకునే పద్ధతి

ఎండలో పనిచేసేవారు ఒక్కసారే చెంబెడు తాగి మళ్లీ మూడు గంటలు ఊరుకోవడం కంటే, ప్రతి 15, 20 నిమిషాలకు ఒక గ్లాసు, అంటే సుమారు 240 మిల్లీలీటర్లు తాగడం మేలు. గంటకు ఒకటిన్నర లీటరు మించకూడదు. చెమటతో సోడియం కూడా పోతుంది కాబట్టి, ఉప్పు భర్తీ కాకుండా వట్టి నీళ్లే గబగబా లీటర్ల కొద్దీ తాగితే, లీటరుకు 135 నుంచి 145 మిల్లీమోల్స్ మధ్య ఉండవలసిన రక్తంలోని సోడియం పడిపోయి తలనొప్పి, వాంతులు, తికమక మొదలై ఫిట్స్ దాకా పోవచ్చు. పొద్దున్న, మధ్యాహ్నం సరిగా తినేవారికి ఈ ప్రమాదం అరుదు. సంగటి, పప్పు, చెనిక్కాయల ఊరుబిండి, ఉప్పు వేసిన పలుచని మజ్జిగ, వీటితోనే చాలామందికి పోయిన ఉప్పు తిరిగి వస్తుంది. టిఫిన్ మానేసి నీళ్లతో కడుపు నింపుకుని పనికి వెళ్లేవారికే పిక్కలు పట్టేయడం, కళ్లు తిరగడం ఎక్కువగా చూస్తాం. ఇంటిపట్టున, నీడలో ఉండేవారు దీన్ని చదివి ఉప్పు పెంచవద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవారికి రోజుకు ఐదు గ్రాముల లోపు ఉప్పునే సూచిస్తోంది, ఊరగాయలు, అప్పడాలతోనే మనలో చాలామంది దాన్ని దాటేస్తుంటాం.

గంటల తరబడి ఎండలో ఉన్నవారికి, విరేచనాలు, వాంతులు అవుతున్నవారికి ఓఆర్‌ఎస్ తగినది. అందులో ఉప్పుతో పాటు గ్లూకోజును రుచి కోసం కలపలేదు. చిన్న ప్రేగు గోడలో సోడియాన్ని, గ్లూకోజును జంటగా లోపలికి తీసుకునే ఏర్పాటు ఉంది, అవి రెండూ కలిసి వెళ్లినప్పుడు నీరు వాటి వెంట త్వరగా రక్తంలోకి చేరుతుంది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా వ్యాపించి, సెలైన్ సీసాలు అయిపోయినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ ద్రావణాన్నే డ్రమ్ముల్లో కలిపించి తాగించి ఎన్నో ప్రాణాలు నిలబెట్టారు. ప్యాకెట్ మీద ఒక లీటరు అని ఉంటే ఒక లీటరు నీళ్లలోనే మొత్తం కలపాలి. గ్లాసులో కొంచెం కొంచెం పొడి వేసుకుంటే పాళ్లు తప్పుతాయి. కలిపినదాన్ని 24 గంటల తర్వాత పారబోయాలి. ప్యాకెట్ దొరకనప్పుడు ఒక లీటరు శుభ్రమైన నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు వేసి కలుపుకోవచ్చు. చిన్న టీ చెంచాతో, తల కొట్టి కొలవాలి. ఓఆర్‌ఎస్ అని పేరులో పెట్టుకుని అట్టపెట్టెల్లో అమ్మిన తీపి పానీయాల్లో చక్కెర ఎక్కువగా, లవణాలు తక్కువగా ఉండేవి. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ పాళ్లు పాటించని పానీయాలకు ఆ పేరు వాడకూడదని 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. నన్నారి షర్బత్ మన ఊళ్లలో వేసవి వచ్చిందంటే అందరికీ ఇష్టమైనదే, నాకూ ఇష్టమే. దాన్ని ఓఆర్‌ఎస్‌కు బదులుగా మాత్రం లెక్కించకూడదు. పాకం తగ్గించి, నిమ్మరసం, చిటికెడు ఉప్పు వేయించుకుంటే ఒంటికి కొంత పనికొస్తుంది. షుగర్ ఉన్నవారు పాకం లేకుండా మజ్జిగకు పరిమితం కావడం మంచిది. రోజుకు రెండు మూడు కప్పుల టీతో ఒంట్లో నీరు ఎండిపోదు. మద్యం అలా కాదు, మూత్రాన్ని నియంత్రించే హార్మోనును అది అణచివేస్తుంది కాబట్టి మామూలు కంటే ఎక్కువ నీరు బయటికి పోతుంది.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. పొలాల్లో, కూలి పనుల్లో, కొన్ని పాఠశాలల్లో ఆడవారు నీళ్లు తక్కువ తాగుతున్నది దప్పిక లేక కాదు, మూత్రానికి వెళ్లే చోటు లేక. గంటల తరబడి నీళ్లు మానుకుంటే మూత్రనాళ ఇన్ఫెక్షన్లు, రాళ్లు, వడదెబ్బ మూడూ పొంచి ఉంటాయి. 2005 నాటి ఉపాధి హామీ చట్టం పని స్థలంలో తాగునీరు, నీడ, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలని చెప్పింది. మేస్త్రీలు, రైతులు, ప్రధానోపాధ్యాయులు వాటితో పాటు నాలుగు తడికెలు కట్టి ఒక మరుగు ఏర్పాటు చేస్తే చాలు, నీళ్లు తాగమని వారికి వేరే చెప్పవలసిన పని ఉండదు.

ఎండకు ఒంటిని అలవాటు చేయడం

ఒకే వయసు, ఒకే బరువు ఉన్న ఇద్దరిలో ఒకరు ఎండను తట్టుకోవడం, మరొకరు కుప్పకూలడం చూసి మనం దాన్ని వారి గట్టిదనానికి ఆపాదిస్తాం. చాలా సందర్భాల్లో తేడా అలవాటులోనే ఉంటుంది. రోజూ కొంతసేపు ఎండలో పనిచేస్తే 7 నుంచి 14 రోజుల్లో శరీరం మారుతుంది. రక్తంలో ద్రవభాగం పెరుగుతుంది, చెమట ముందుగా, ధారాళంగా పడుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది, అదే పనికి గుండె వేగం తక్కువగా ఉంటుంది. వారం పాటు ఎండకు దూరమైతే ఈ అలవాటులో కొంత, మూడు నాలుగు వారాలైతే దాదాపు అంతా పోతుంది. అందుకే కొత్తగా పనిలో చేరినవారికి, జ్వరం నుంచి కోలుకుని వచ్చినవారికి, బెంగళూరు నుంచి వేసవి సెలవులకు అవ్వా తాతల దగ్గరికి వచ్చిన పిల్లలకు తొలి వారమే గడ్డుకాలం. కొత్తవారికి మొదటిరోజు పూర్తి పనిలో ఐదోవంతు మాత్రమే ఎండలో ఇచ్చి, రోజుకు మరో ఐదోవంతు చొప్పున పెంచాలి. పాతవారు సెలవు తర్వాత తిరిగి వస్తే సగంతో మొదలుపెట్టి మూడు నాలుగు రోజుల్లో పూర్తి పనికి తేవచ్చు. పిల్లలను మొదటి నాలుగైదు రోజులు ఉదయం, సాయంత్రం మాత్రమే ఆడుకోనివ్వాలి.

ఇల్లు, రాత్రి నిద్ర

పగలు పన్నెండు నుంచి నాలుగు గంటల దాకా బయటి పనులు మానుకోవాలన్న మాట అందరికీ తెలిసినదే. రాత్రి సంగతి మాత్రం చాలామంది పట్టించుకోరు. నిద్ర పట్టాలంటే శరీరం లోపలి ఉష్ణోగ్రత సుమారు ఒక డిగ్రీ తగ్గాలి, అది తెల్లవారుజామున నాలుగైదు గంటలకు అత్యల్పానికి చేరుతుంది. పగలంతా ఎండ పీల్చిన సిమెంటు స్లాబు రాత్రంతా ఆ వేడిని గదిలోకి వదులుతుంది కాబట్టి ఆ తగ్గుదల జరగదు, నిద్ర చెదురుతుంది, మరునాడు గుండె, మెదడు అలసటతోనే ఎండను ఎదుర్కోవలసి వస్తుంది. స్లాబు మీద తెల్ల సున్నం కొట్టించడం, పడమటి కిటికీలకు పగలు తడికెలో మందపాటి తెరలో వేయడం, చీకటి పడ్డాక కిటికీలన్నీ తెరవడం, పడుకోబోయే ముందు మామూలు నీళ్లతో స్నానం చేయడం, వీలుంటే దోమతెర కట్టుకుని మిద్దె మీద పడుకోవడం, ఇవన్నీ పనిచేస్తాయి. మన పొడి గాలిలో నీళ్లు పోసే కూలర్ చక్కగా చల్లదనం ఇస్తుంది, అయితే ఎదురుగా ఒక కిటికీ తెరిచి ఉంచకపోతే గదిలో తేమ పేరుకుపోయి చెమట ఆరదు. గాలి 40 డిగ్రీలు దాటినప్పుడు వట్టి ఫ్యాను వేడిగాలిని ఒంటికి కొడుతుంది. అటువంటప్పుడు తడిగుడ్డతో ఒళ్లు తుడుచుకుంటూ ఫ్యాను కింద కూర్చోవాలి.

తాగే నీటిలో ఉన్నది

ఎక్కువ తాగమన్నప్పుడు ఏ నీళ్లన్నదీ చూసుకోవాలి. అనంతపురం జిల్లాలో అనేక గ్రామాల బోరునీటిలో ఫ్లోరైడ్ ఉంది. లీటరుకు ఒక మిల్లీగ్రాము దాకా ఉండవచ్చని, వేరే దారి లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల దాకా అనుమతించవచ్చని భారత ప్రమాణాలు చెబుతున్నాయి. వేడి ప్రాంతంలో మనిషి తాగే నీరు ఎక్కువ కాబట్టి ఒంట్లో చేరే ఫ్లోరైడ్ కూడా ఎక్కువే. పిల్లల పళ్లపై పసుపు, గోధుమ రంగు మచ్చలు, పెద్దల్లో నడుము, మెడ బిగుసుకుపోవడం దాని గుర్తులు. నీటిని కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఇగిరే కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. గ్రామీణ నీటి సరఫరా విభాగం ద్వారా బోరునీటిని పరీక్ష చేయించి, ఎక్కువ ఉంటే దాన్ని స్నానానికి, బట్టలకు ఉంచుకుని, తాగడానికి, వంటకు నది నీటి పథకం నీళ్లు గాని ఆర్‌ఓ నీళ్లు గాని వాడాలి. ఆహారంలో కాల్షియం తగినంత ఉంటే ఫ్లోరైడ్ ఒంటికి పట్టడం కొంత తగ్గుతుంది. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది కాబట్టి రాగి సంగటి, మజ్జిగ ఈ ప్రాంతానికి అన్ని విధాలా తగిన భోజనం.

వయసు, మందులు

వయసు పైబడిన కొద్దీ దప్పిక మందగిస్తుంది, చెమట తగ్గుతుంది. అడిగితే ఇద్దామని కాకుండా పెద్దవారి చేతికి గంటకొకసారి గ్లాసు అందించాలి. చంటిపిల్లలు బరువుతో పోలిస్తే ఎక్కువ చర్మ వైశాల్యం ఉన్నవారు కావడంతో త్వరగా వేడెక్కుతారు. ఆరు నెలల లోపు బిడ్డకు నీళ్లు పట్టకుండా తల్లిపాలే మరిన్నిసార్లు ఇవ్వాలి. బీపీకి, గుండెకు వాడే నీరు పోయే మాత్రలు, గుండె వేగాన్ని తగ్గించే మాత్రలు, కొన్ని మానసిక వ్యాధుల మందులు, మత్తు కలిగించే జలుబు మాత్రలు శరీరం వేడిని వదిలించుకునే శక్తిని తగ్గిస్తాయి. వాటిని సొంతంగా మానేస్తే మరింత ప్రమాదం. ఎండలు ముదరక ముందే, మార్చిలోనే వైద్యుణ్ణి కలిసి మోతాదు మార్చాలేమో అడగాలి. గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు ఎంత నీరు తాగాలో కూడా అప్పుడే తెలుసుకోవాలి, పైన చెప్పిన గ్లాసుల లెక్క వారికి వర్తించదు.

ఇన్సులిన్ తీసుకునేవారికి వేడిలో మందు త్వరగా రక్తంలోకి చేరి షుగర్ హఠాత్తుగా పడిపోయే అవకాశముంది, కనుక పరీక్షలు తరచుగా చేసుకోవాలి. ఫ్రిజ్ లేనివారు సీసాను నీళ్లు తగలకుండా మూతబిగించిన డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను తడి మట్టికుండలో నీడన ఉంచితే మన పొడి గాలికి బాగా చల్లగా ఉంటుంది.

వడదెబ్బ తగిలినప్పుడు

నీరసం, తలనొప్పి, వికారం, చల్లని జిగట చెమట ఉండి, మనిషి మాట మాత్రం స్పష్టంగా ఉంటే అది ఎండ వల్ల కలిగిన అలసట. నీడన పడుకోబెట్టి, కాళ్లు కొంచెం ఎత్తులో పెట్టి, ఓఆర్‌ఎస్ తాగిస్తే చాలావరకు గంటలోపే తేరుకుంటారు. మాట తడబడటం, మనుషులను గుర్తుపట్టకపోవడం, తూలడం, ఫిట్స్, స్పృహ తప్పడం, వీటిలో ఏది కనిపించినా అది వడదెబ్బే అనుకుని కదలాలి. లోపలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు, అంటే 104 ఫారెన్‌హీట్ దాటి మెదడు దెబ్బతింటున్న దశ అది. చంకలో పెట్టిన థర్మామీటరు తక్కువ చూపవచ్చు కాబట్టి ఆ అంకె చూసి ధైర్యపడకూడదు. ఒళ్లు పొడిగా ఉంటేనే వడదెబ్బ అన్న నమ్మకం కూడా సరికాదు, పని చేస్తూ పడిపోయినవారికి చెమట ఉండవచ్చు.

ఒకరు 108కు ఫోన్ చేస్తుండగానే మిగతావారు చల్లబరచడం మొదలుపెట్టాలి, బండి వచ్చేదాకా ఆగకూడదు. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, బోరు దగ్గరైతే పైపుతో, లేకపోతే బిందెలతో ఒళ్లంతా నీళ్లు పోస్తూ, దుప్పటితోనో అట్టముక్కతోనో గట్టిగా విసరాలి. ఐసు దొరికితే గుడ్డలో చుట్టి మెడకు, చంకలకు, గజ్జలకు పెట్టాలి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి, కాబట్టి ఏమీ తాగించకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. పారాసెటమాల్ దీనికి పనిచేయదు. జ్వరంలో హైపోథాలమస్ తానే ఉష్ణోగ్రతను పైకి పెంచి పెడుతుంది, ఆ మాత్ర దాన్ని కిందికి దించుతుంది. వడదెబ్బలో అటువంటి పెంపు ఏదీ లేదు, బయటి వేడి ఒంట్లో చేరి పోలేక మిగిలిపోయింది. ఉల్లిపాయ రసం రుద్దడానికి పెట్టే సమయంలో నాలుగు బిందెల నీళ్లు పోయవచ్చు.

ఆసుపత్రి నుంచి తిరిగి వచ్చాక మనిషి మామూలుగా కనిపించినా మూత్రపిండాలు, కాలేయం, కండరాలు కోలుకోవడానికి సమయం పడుతుంది, ఒంటికి ఎండను తట్టుకునే శక్తి కొన్ని వారాల దాకా తక్కువగానే ఉంటుంది. కనీసం వారం రోజులు ఎండలోకి పోకుండా ఉండి, వైద్యులు చెప్పిన రక్తపరీక్షలు మళ్లీ చేయించుకుని, వారు సరేనన్న తర్వాత, ఉదయం ఎండ ముదరక ముందు గంట రెండు గంటల పనితో మొదలుపెట్టి, కొత్తగా చేరినవారికి చెప్పిన క్రమంలోనే, అంతకంటే నిదానంగా పెంచుకుంటూ పోవాలి.